పలుపు మాత్రం ఇవ్వం

"నాను దిగను. ఎవులొచ్చి సెప్పినా దిగను!"

అప్పలనర్సమ్మ ఆ మాట పొద్దుట్నుంచి అంటూనే ఉంది. పెరట్లో పనసచెట్టు కింద నిలబెట్టిన లేత నీలం ఫియట్ కారులో, వెనక సీట్లో, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒళ్లో దుప్పటి, పక్కన చెంబుడు నీళ్లు, నోట్లో అడ్డపొగ. నిప్పు లోపలివైపు పెట్టుకుని చుట్ట కాల్చడం ఆ వయసు ఆడవాళ్లకి అలవాటే గానీ, కారులో మాత్రం ఆవిడ ఏనాడూ కాల్చలేదు. మొగుడు సుక్రు బతికున్నప్పుడు ఒప్పుకునేవాడు కాదు, పోయాక ఈవిడా కాల్చలేదు. ఈవేళ కాలుస్తోందంటే కోపం ఏ స్థాయిలో ఉందో మీరే ఊహించుకోండి.

"అమ్మా, దారిన పోయేవాళ్లంతా చూస్తున్నారే" అన్నాడు కొడుకు భీమన్న. ఊళ్లో అందరికీ ఆయన హెడ్మాస్టరు. తల్లి దగ్గర మాత్రం పాఠం అప్పజెప్పలేని పిల్లాడు.

"సూడనీరా! రేపట్నుంచి లోకమంతా సూడాలనే కదా దీన్ని గేటుకాడ ఎట్టిస్తన్నావు? నన్నూ కలిపి ఎట్టీ. పూలకుండీ నా నెత్తి మీదెట్టమను ఆ రిసార్టోడ్ని. టూరిస్టులొచ్చి పొటోలు దిగుతారు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ రాజకుమారికి నవ్వు ముంచుకొచ్చింది. బలవంతాన మింగేసింది. గురువారం నుంచి మొగుడితో మాట్లాడడం లేదు. మాటల్లేని మనిషి ఎదుట నవ్వితే పంతం పల్చబడిపోదూ?

ఆ గురువారం భీమన్న అన్నం తింటూ, చారు పొయ్యమన్నంత తేలిగ్గా కబురు చెప్పాడు. అనంతగిరి దగ్గర రిసార్టు నడిపే సర్వేశ్వరరావుకి కారు ఇచ్చేస్తానని మాటిచ్చాడట. ఊరికే ఇస్తున్నాడు, పైసా పుచ్చుకోవడం లేదు. ఆయన దాన్ని గేటు ముందు అరుగు మీద నిలబెడతాడు. ఇంజిను తీయించేసి బానెట్టులో బంతిపూలు పెంచుతాడు. పక్కన సుక్రు పేరుతో బోర్డు. ఆదివారం లారీ వస్తుంది.

"నాన్న పేరు పదిమందీ చదువుతారు" అన్నాడు భీమన్న, మొహం వెలిగిపోతుండగా.

రాజకుమారి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తెల్లారితే తుడిచేది ఆ కారుని. అద్దాలు దించి, మూల అద్దం ఓరగా తిప్పుకుంటే మొహానికి తగిలే కొండగాలి తనది. ఆస్పత్రిలో నర్సు డ్యూటీ చేసి ఒళ్లు పులిసిపోయిన సాయంత్రాల్లో ఆ స్టీరింగు పట్టుకుంటే చాలు, ప్రాణం లేచొచ్చేది. అలాంటి దాని పొట్ట కోసి పూలు పెడతారట! ఆవేళ మూసిన నోరు మళ్లీ తెరవలేదు.

ఇవాళ ఆదివారం. లారీ వచ్చే రోజు.

భీమన్న తల్లితో వేగలేక ఇంట్లోకి వచ్చి పీట మీద కూలబడ్డాడు. రాజకుమారి చోడంబలి గిన్నె తెచ్చి ముందు పెట్టింది. చప్పుడు మాత్రం గట్టిగానే అయింది.

"ఉప్పేదీ?"

ఉప్పు డబ్బా నేల మీద జరజర జారుకుంటూ వచ్చి మోకాలికి తగిలింది.

"ఆ డబ్బాని తోసినట్టు నన్నూ తోసెయ్యి. పీడా పోతుంది."

"నిన్ను తోసీడానికి నువ్వేటి బండివా? తోస్తే కదుల్తావా?"

అనేశాక నాలిక్కరుచుకుంది. మూడు రోజుల మౌనం ముక్కలైపోయింది. భీమన్న అంబలి గిన్నె కింద పెట్టి తలెత్తాడు. ఆయన కళ్లలో ఎక్కడో ఓ మూల సంతోషం కూడా కనిపించింది. తిట్టయినా సరే, మాటే కదా.

"హమ్మయ్య, నోరు పడిపోలేదన్నమాట."

"పడిపోనేదు. ఎవుర్నడిగి ఇచ్చీసినావు?"

"అది మా నాన్న బండి."

"మీ నాయిన బండే. ఆ తాళం మీ నాయిన ఎవుల చేతిలో ఎట్టినాడు? నీ చేతిలోనా, నా చేతిలోనా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అంటూ ఉండగానే రాజకుమారికి తెలిసింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోగలమా?

సుక్రు విశాఖపట్నంలో ఒక డాక్టరు గారి డ్రైవరు. మన్యంలో ఊరూరా తిరిగి వైద్యం చేసిన ఆ డాక్టరు, వయసు మీరి తిరగడం మానేసిన రోజున, "ఇది నీ మాట తప్ప ఎవరి మాటా వినదు, నువ్వే తీసుకుపో" అని కారు సుక్రుకే ఇచ్చేశాడు. ఆ కారు కొండెక్కి ఇంటికొచ్చిన కొత్తలోనే, పదో తరగతి చదివే భీమన్న తండ్రి లేని సమయం చూసి ఎక్కాడు. వెనక్కి నడపబోయి గేటు స్తంభానికి కొట్టాడు. ఎడమవైపు వెనక రేకు ఇంత సొట్ట పడింది.

"నీ సేతికి గేరు రాదురా" అన్నాడు సుక్రు, ఇరుగుపొరుగు అందరూ వింటూండగా. మనిషి మంచివాడే. నోరే కాస్త దురుసు. సొట్ట మాత్రం బాగు చేయించలేదు, గుర్తుండనీ అన్నాడు. అన్నవాడు వారానికే మరిచిపోయాడు. పడ్డవాడు మరిచిపోలేదు. కారులో స్టీరింగు వైపు భీమన్న మళ్లీ కూర్చోలేదు.

ఆ తరవాత కోడలై వచ్చిన రాజకుమారి, "మావా, ఈ బండికి గేరు కర్ర స్టీరింగు పక్కనుందేటి?" అని అడిగింది. అలా అడిగిన మనిషి ఆ ఇంట్లో మరొకరు లేరు. ముసలాయన మురిసిపోయాడు. నెల తిరక్కుండా ఆవిడ చేత గాలికొండ ఎక్కించేశాడు. పోయే ముందు, ఎద్దు మువ్వ కట్టిన ఆ తాళం తీసి కోడలి చేతిలోనే పెట్టాడు.

భీమన్న అంబలి తాగలేదు. చెయ్యి కడుక్కుని లేచాడు.

"అంబలి తాగెల్లు" అంది రాజకుమారి, గొంతు తగ్గించి.

"ఆకల్లేదు."

మళ్లీ నిశ్శబ్దం. ఈసారిది గురువారం నిశ్శబ్దం కన్నా బరువైంది, ఎందుకంటే ఇందులో తప్పు తనవైపుంది.

ఆ నిశ్శబ్దాన్ని బద్దలు కొడుతూ వీధిలో రెండు హారన్లు మోగాయి. ఒకటి బర్రె అరిచినట్టు, రెండోది మేకపిల్ల అరిచినట్టు. రాజకుమారి గబగబా బయటికొచ్చింది. బర్రె గొంతు నాగలక్ష్మి అంబాసిడరుది, మేకపిల్ల గొంతు చిట్టెమ్మ జీపుది.

నెలకో ఆదివారం ఈ ముగ్గురూ గాలికొండ మలుపులో కలుసుకుంటారు. శృంగవరపుకోటలో టిఫిన్ హోటలు నడిపే నాగలక్ష్మి కింద నుంచి ఘాటీ ఎక్కి వస్తుంది. సంతల్లో మిరియాలు, పసుపు అమ్ముకునే చిట్టెమ్మ అనంతగిరి నుంచి వస్తుంది. ఫ్లాస్కులో కాఫీ, బొంగులో కాల్చిన కోడి, కడుపు నిండా కబుర్లు. ఇళ్లకి తిరిగే ముందు బళ్లు మార్చుకుని ఒకరిది ఒకరు కాసేపు నడుపుకోవడం వాళ్ల ఆచారం. రాజకుమారి ఇవాళ రాకపోయేసరికి ఇద్దరూ కొండ దిగి ఇంటికే వచ్చేశారు.

"ఏటే గుంటా, పోను ఎత్తవు, కబురెట్టవు! ఒంట్లో బాగోనేదేమోనని బేగి బేగి వొచ్చీసినాం" అంటూ దిగింది నాగలక్ష్మి. యాభై దాటిన మనిషి, మాట బండి కన్నా ముందు పరిగెడుతుంది. కారులో ముసలావిణ్ణి చూసి ఆగిపోయింది. "అదేటి పెద్దమ్మా, ఎక్కడికి పెయాణం?"

"పూలకుండీ అవడానికి ఎల్తన్నాను" అంది అప్పలనర్సమ్మ.

విషయం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? విన్న చిట్టెమ్మ నేరుగా భీమన్న ముందుకెళ్లి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "ఇంజిను తీసేత్తారా? అన్నా, నీకేటైనా గాలి సోకిందా? పాలిచ్చే ఆవు సర్మం తీసి గోడకి తగిలిత్తానన్నట్టుంది."

"ఇచ్చిన మాట ఇచ్చినట్టే" అన్నాడు భీమన్న. పంతం పెరిగిందే తప్ప తరగలేదు. "ఆ పెద్దమనిషి అరుగు కూడా కట్టించేశాడు. ఇప్పుడు కాదంటే నా మాటకి విలువేం ఉంటుంది?"

ఆ ముక్క దగ్గర అందరూ తగ్గారు. ఆ కొండల్లో కాగితాలు చూసి ఇచ్చిపుచ్చుకునే వాళ్లు తక్కువ. మాట ఇచ్చి తప్పినవాడి ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టరు. పైగా ఆయన పిల్లలకి చదువు చెప్పే మనిషి.

అంతలో లారీ వచ్చి ఆగింది. నడివయసు డ్రైవరు దిగి, చెక్కపలకలు దించుతూ, "అమ్మగారిని దిగమనండి, బండి పైకెక్కించేస్తాం" అన్నాడు.

అప్పలనర్సమ్మ చుట్ట తీసి కిటికీలోంచి బూడిద రాల్చింది. "సచ్చిన గొడ్డుని మోసుకుపోతారు బాబూ. బతికున్నది తన కాళ్ల మీద నడిచెల్లాలి. మా ఇంట్లోంచి ఏ ఎద్దూ, ఏ ఆవూ బండెక్కి ఎల్లనేదు. ఇదీ ఎల్లదు."

డ్రైవరు బుర్ర గోక్కున్నాడు. భీమన్న కాదనలేకపోయాడు. అది వాళ్ల ఇంటి పద్ధతి, ఆయనకీ తెలుసు.

"ఇంకో మాట" అంది ముసలావిడ. "ఎద్దునిచ్చినా దాని మెడలో పలుపుతాడు ఇయ్యం. పలుపిస్తే కొట్టంలో లచ్చిమి వాడితో ఎలిపోతాది. అవునా, కాదా?"

"అవును" అన్నాడు భీమన్న.

"మరి దీని పలుపు ఏటి? ఆ తాళం. బండి ఇచ్చుకో, తాళం మాత్రం ఇంటికి రావాలి."

"తాళం లేకుండా ఆయనేం చేసుకుంటాడే?"

"ఇంజినే అక్కర్నేదన్నోడికి తాళం ఎందుకురా?"

నాగలక్ష్మి కిసుక్కున నవ్వింది.

సరే, కారు నడిచే వెళ్తుందన్నారు. లారీ డ్రైవరు రాజకుమారి దగ్గర తాళం పుచ్చుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇంజిను స్టార్టు చేసి, ఎడమ చేత్తో కింద తడుముకున్నాడు. ముందుకి తడిమాడు, వెనక్కి తడిమాడు. "గేరు రాడ్డు ఊడిపోయిందండీ" అన్నాడు చివరికి.

"ఊడిపోనేదు, స్టీరింగు కిందే ఉన్నాది" అంది చిట్టెమ్మ పగలబడి నవ్వుతూ. ఆయన దాన్ని అటూ ఇటూ కదిపాడు. బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. వెనక సీట్లోంచి "ఓలమ్మో, నా నడుం!" అని కేక. ఆయన దణ్ణం పెట్టి దిగిపోయాడు. "ఈ బండి మావల్ల కాదు. మీ ఇంటి మనిషే తేవాలి మాస్టారూ. మీరే నడిపేయండి."

అందరి కళ్లూ భీమన్న మీద పడ్డాయి. గోడ పక్కన చేరిన ఇరుగుపొరుగు కళ్లు కూడా. ఆయన చెవులు ఎర్రబడడం రాజకుమారి చూసింది. చొక్కా అంచు పట్టుకుని నలుపుతున్నాడు. పదో తరగతి పిల్లాడు మళ్లీ గేటు స్తంభం పక్కన నిలబడ్డాడు. ఇంకొక్క క్షణం ఆగితే ఎవరో ఒకరు అనేస్తారు, మాస్టారికి ఇది రాదని.

"నాను తోలుతాను" అంది రాజకుమారి.

నాగలక్ష్మి తెల్లబోయింది. "నీకు మతుందేటే? నీ బండిని నువ్వే..."

"నానే తోలుకెళ్లి ఇస్తాను. ఆ లారీని దారిలోంచి తియ్యమను. చిట్టెమ్మా, నువ్వు ముందెల్లు. నాగలచ్చిమప్పా, నువ్వు నా ఎనకాల రా."

లారీ డ్రైవరు చేతిలోంచి తాళం తీసుకుంది. ఎద్దు మువ్వ గల్లుమంది. భీమన్న ఆవిడ మొహంలోకి చూశాడు. ఎందుకు ముందుకొచ్చిందో ఆయనకి అర్థమైంది. అర్థమైనట్టు ఆవిడకీ తెలిసింది. కానీ ఆ మాట ఎవరనాలి? ఆయన వెళ్లి ఎడమవైపు సీట్లో కూర్చున్నాడు.

ముందు జీపు, మధ్య ఫియట్, వెనక అంబాసిడరు. ఖాళీ లారీ అన్నిటికన్నా వెనక. సుంకరమెట్ట సంతలో జనం బేరాలాపి మరీ చూశారు. "పెళ్లేటి?" అని ఎవరో అడిగితే, "ఔను, నాకే!" అని కిటికీలోంచి అరిచింది అప్పలనర్సమ్మ. ఆవిడ ఆనందమే ఆనందం. కారు కదిలిందంటే చాలు, ఎక్కడికెళ్తోందో కూడా మరిచిపోయే మనిషి.

చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ, రాజకుమారికి కూడా బాగుంది. ఎండ మెత్తగా ఉంది. కాఫీ తోటల మీద మిరియాల తీగలు తళతళలాడుతున్నాయి. ఇంజిను ఇవాళ ఎన్నడూ లేనంత నున్నగా పాడుతోంది. మలుపు వచ్చినప్పుడల్లా గేరు కర్ర చేతికింద అరిటాకు తిప్పినట్టు తిరుగుతోంది. ఏడుస్తూ నడపాలనుకుంది, ఏడుపు రాలేదు.

గాలికొండ మలుపులో మూడు బళ్లూ ఆగాయి, ఖాళీ లారీ ఆగకుండా ముందుకి వెళ్లిపోయింది. పాత బళ్లు అక్కడ ఆగి నీళ్లు తాగాలి. రోడ్డు పక్కన పసుపు రాసిన రాయి ఒకటుంది, కొండదేవత. అటు వెళ్లేవాళ్లు పచ్చి రెమ్మ ఒకటి తుంచి ఆవిడ ముందు వేసి వెళ్తారు. బళ్లవాళ్లు ముందు ఆ రాతి మీద కాసిన్ని నీళ్లు పోసి, తరవాత రేడియేటరుకి పోస్తారు.

బళ్లు చల్లారేదాకా గట్టు మీద కూర్చున్నారు. నాగలక్ష్మి కాఫీ పోసి భీమన్నకి కూడా గ్లాసు అందించింది. "ఇవాళ బళ్లు మార్చుకోడం వొద్దు" అంది. "దాన్ని ఇంకొకళ్లు ముట్టుకోవద్దు. రాజు ఒక్కతే తోలాలి." అలా అంటూనే లేచి వెళ్లి ఫియట్ బానెట్టు మీద చెయ్యేసి నిలబడింది.

"నా అంబాసిడరు మా నాయిన టాక్సీ" అంది, ఎవరూ అడక్కుండానే. "పైన తెల్లరంగు, గోకితే లోపల నలుపే. సిన్నప్పుడు పేసింజర్లు దిగిపోయాక ఎనక సీట్లో తొంగునేదాన్ని. ఇప్పుడు ముందు కూకుని నానే తోలతన్నాను కదా, అప్పుడప్పుడు ఎనక్కి తిరిగి సూస్తాను, ఆ సిన్న గుంట ఇంకా అక్కడే తొంగున్నట్టుంటాది."

"నా జీపుకి పైన గుడ్డ నేదు, పక్కన తలుపు నేదు" అంది చిట్టెమ్మ. "వానొస్తే నానూ అదీ కలిసే తడుస్తాం. అయినా సంతలో నా హారను ఇంటే మగోళ్లు పక్కకి తప్పుకుంటారు. నా మాటకి ఏనాడైనా తప్పుకున్నారేటి?"

భీమన్న కాఫీ తాగడం మానేసి వింటున్నాడు. "మీరు ప్రతిసారీ ఇవేనా మాట్లాడుకునేది?"

"మరేటనుకున్నావు?" అంది రాజకుమారి.

"నా గురించి అనుకున్నాను."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఘొల్లుమన్నారు. చిట్టెమ్మకి పొరపోయింది. "అన్నా, నీ గురించి మాటాడుకోడానికేటుందని!" అంది కళ్లు తుడుచుకుంటూ. భీమన్న కూడా నవ్వేశాడు. నవ్వి, గ్లాసులోకి చూస్తూ అన్నాడు:

"ఆ ఆదివారాలు అమ్మా నేనూ ఇంట్లో ఉండిపోతాం రాజూ. నువ్వు తిరిగొచ్చేసరికి నీ మొహం ఎలా ఉంటుందో నీకు తెలీదు. ఆ మొహం ఆ కారు ఇస్తుంది, నేనివ్వలేను. నన్ను ఒక్కసారీ రమ్మన్లేదు."

"నువ్వు ఒక్కసారీ వొస్తానన్నేదు."

"ఎలాగంటాను? ఎక్కినప్పుడల్లా నాన్న మాటే వినబడుతుంది. సెల్ఫీల కోసం నిలబెట్టేస్తే ఇంక ఎవరూ నడపక్కర్లేదు కదా అనుకున్నాను. బోర్డు సంగతి పైకి చెప్పిన సాకు."

రాజకుమారికి పొద్దుటి మాట గుర్తొచ్చింది. "తాళం ఎవుల చేతిలో ఎట్టినాడని అన్నాను. అది తప్పే. కోపంలో అన్నాను."

"నిజమే కదా."

"నిజమైతే మాత్రం? అనకూడదు."

భీమన్న లేచి, నీళ్ల డబ్బా తీసుకున్నాడు. రెమ్మ తుంచి రాయి ముందు వేశాడు. రాతి మీద కాసిన్ని నీళ్లు పోశాడు. రేడియేటరు మూత గుడ్డతో పట్టుకుని, ఆవిరి పోయేదాకా ఆగి, మెల్లగా నీళ్లు పోశాడు. అంతా సరిగ్గానే చేశాడు. ఎవరూ నేర్పకుండా ఇదంతా ఎలా వచ్చిందా అని రాజకుమారి ఆశ్చర్యపోయింది. చిన్నప్పుడు తండ్రి పక్కన నిలబడి చూసి ఉంటాడు.

"ఇచ్చిన మాట ఉంది" అన్నాడు మూత బిగిస్తూ, తనకి తానే చెప్పుకున్నట్టు. "పదండి."

గాలికొండ దాటి ఆ కారుతో రాజకుమారి ఎప్పుడూ కిందికి దిగలేదు. దిగుడు దారిలో మాటలు లేవు. అయితే ఈ మౌనంలో కోపం లేదు. వెనక సీట్లో అప్పలనర్సమ్మ కూడా చుట్ట ఆర్పేసింది.

రిసార్టు గేటు దగ్గర సర్వేశ్వరరావు చేతులు జోడించుకుని ఎదురొచ్చాడు. తెల్లచొక్కా, మంచి మాట. "రండి మాస్టారూ! మాటంటే మీది. చూశారా, అరుగు ఎంత బాగా వచ్చిందో!"

బాగానే వచ్చింది. నిగనిగలాడే సిమెంటు అరుగు, ఎక్కడానికి వాలు దారి, పక్కన బోర్డు. 'సుక్రు గారి కారు' అని గుండ్రటి అక్షరాలు. బతికున్నన్నాళ్లూ సుక్రుని గారు అన్నవాళ్లు లేరు. భీమన్న దాన్ని చాలాసేపు చదివాడు. ఆ బోర్డు చూశాక రాజకుమారికి ఆశ పోయింది.

"ఎవుల పేరురా అది?" అంది అప్పలనర్సమ్మ లోపల్నుంచే.

"నాన్నదే అమ్మా."

"మీ నాయిన బతికినన్నాళ్లూ ఒక్కసోట కూకున్నాడేట్రా?"

సర్వేశ్వరరావు నవ్వేసి అరుగు మధ్యలో ఉన్న నాలుగు ఇటుక దిమ్మలు చూపించాడు. "వీటి మీద కూర్చోబెట్టేస్తాం. చక్రాలెందుకు దండగ? విప్పించి ఆ చెట్లకి కట్టిస్తే పిల్లలకి ఉయ్యాలలవుతాయి. కాస్త ముందుకి ఎక్కించేసి తాళం ఇచ్చేయండమ్మా, భోజనాలు చేద్దురుగాని."

"తాళం ఇవ్వం" అన్నాడు భీమన్న.

"అదేమిటి మాస్టారూ?"

"పలుపు ఇవ్వం. అది మా పద్ధతి."

"సరే, పద్ధతి మీ ఇష్టం. బండి ఎక్కించేయండి చాలు" అన్నాడు సర్వేశ్వరరావు. పాపం, మర్యాదస్తుడే. తగువు పెట్టుకునే మనిషైనా బాగుండేది.

ఇంక అడ్డేముంది? రాజకుమారి ఇంజిను స్టార్టు చేసింది. ఎదురుగా వాలు దారి. ఒక్క మొదటి గేరు చాలు. చెయ్యి గేరు కర్ర మీదికి వెళ్లింది గానీ కదల్లేదు. కళ్లు మసకబారాయి. వెనక నాగలక్ష్మి అంబాసిడరు ఆనుకునే నిలబడి ఉంది. నాగలక్ష్మి దిగి, మొహం అటు తిప్పుకుంది, చూడలేక.

భీమన్న ఎడమవైపు తలుపు తీసి దిగాడు. కారు వెనకనుంచి నడిచాడు. ఆ సొట్ట పడ్డ రేకు దగ్గర ఒక్క క్షణం ఆగి, దాన్ని చేత్తో తడిమాడు. చుట్టూ తిరిగి వచ్చి రాజకుమారి వైపు తలుపు తెరిచాడు.

"జరుగు."

"ఏటి?"

"నా మాట నేనే నిలబెట్టుకుంటాను, లేదా నేనే తప్పుతాను. ఆ పాపం నీ చేత చేయించను. జరుగు."

రాజకుమారి పక్క సీట్లోకి జరిగింది. భీమన్న స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఎదుట సిమెంటు అరుగు, దాని పక్కన తండ్రి పేరు. వెనక అంబాసిడరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే కాబోలు. రిసార్టు పనివాళ్లు, వంటవాళ్లు, టూరిస్టులు అందరూ చుట్టూ చేరారు. ఫోన్లు పైకి లేచాయి.

"ఎక్కించేయండి మాస్టారూ, నేరుగా!" అన్నాడు సర్వేశ్వరరావు, బానెట్టు మీద చెయ్యి తడుతూ.

భీమన్న నేరుగా చూడడం లేదు. పైనున్న అద్దంలోకి చూస్తున్నాడు. అందులో తల్లి మొహం, ఆ వెనక అంబాసిడరు మూతి, ఆ వెనక ఘాటీ రోడ్డు.

"రాజూ" అన్నాడు గొంతు తగ్గించి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ కారు గురించి పెళ్లాన్ని ఒక్క మాట అడగని మనిషి. "రివర్సు ఎటు?"

రాజకుమారి ఆయన చేతి మీద తన చెయ్యి వేసింది.

"నాగలచ్చిమీ!" వెనక సీట్లోంచి అప్పలనర్సమ్మ కేక పెట్టింది. "బేగి నీ బండి తియ్యే! మావోడు ఎనక్కొస్తన్నాడు!"